నవ్వుకు దస్తావేజులు: ‘అమృతం’ చరిత్రకు ఆధారాల అన్వేషణ

చరిత్ర వ్రాయడానికి తగిన వస్తువేది, తగనిదేది అనే తగాదా మన విశ్వవిద్యాలయాలలో యీనాటిది కాదు. రాజుల వంశావళి చరిత్ర అయినప్పుడు రైతు కట్టిన శిస్తు చరిత్ర యెందుకు కాదని అడిగినవారిని వొకనాడు యెగతాళి చేశారు. ఆ వాదంలో నెగ్గి పాఠాలు చెబుతున్నవారే యీనాడు, టెలివిజన్ హాస్య ధారావాహిక మీద పరిశోధనా వ్యాసం వ్రాస్తానని విద్యార్థి ముందుకు వస్తే, ‘యిదీ వొక పరిశోధనేనా?’ అని పెదవి విరుస్తున్నారు. కలిదిండి ప్రాంతం నుంచి వచ్చి చదువుకుంటున్న వొక విద్యార్థినికి యిటీవల యీ అనుభవమే కలిగింది. ఆమె యెన్నుకొన్న వస్తువు జెమినీ టీవీలో వచ్చిన ‘అమృతం’. పెదవి విరుపుకు సమాధానం చెప్పడం తేలిక. ఆమె అడిగిన రెండవ ప్రశ్న మాత్రం కష్టమైనది: ‘సరే, వ్రాస్తాను. ఆధారాలు యెక్కడ దొరుకుతాయి?’ ఆ ప్రశ్న గురించే యీ వ్యాసం.

ముందు పెదవి విరుపు సంగతి ముగిద్దాం. అది రెండు వైపుల నుంచి వస్తున్నది. హాస్యం తేలిక వస్తువని పాతకాలపు పండితుడు అంటే అర్థం చేసుకోవచ్చు. కాని మనవారిలో కొందరు, పెట్టుబడిదారు జనాన్ని జోకొట్టడానికి తీయించిన కాలక్షేపానికి చరిత్ర యేమిటని అడుగుతున్నారు. వొక వస్తువు సరుకని చెప్పినంత మాత్రాన దాని చరిత్ర తెలిసినట్టేనా? బట్ట కూడా సరుకే గదా! అయినా అది యే మగ్గం మీద నేశారో, నూలు యెవరిచ్చారో, కూలి యెంత ముట్టిందో, చివరకు కొని కట్టుకున్నదెవరో తెలుసుకోకుండా మనం చేనేత చరిత్ర వ్రాయం. నవ్వు సరుకైన కాలంలో నవ్వు చరిత్రకూ యీ ప్రశ్నలే వేయాలి.

పైగా యిది మనకు కొత్త పని కాదు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడిన నాటకం. 1897లో అచ్చయింది, 1909లో బాగా మారిన రూపంలో మళ్ళీ వచ్చింది. అదీ జనాన్ని కడుపుబ్బ నవ్వించినదే. దానిని మనం యీనాడు సాంఘిక చరిత్రగా చదవగలుగుతున్నామంటే, గురజాడ దినచర్యలు, లేఖలు, చిత్తుప్రతులు కొన్నయినా మిగలడం వల్ల, అవసరాల సూర్యారావు వంటివారు వాటిని ఓపికగా పరిష్కరించడం వల్ల, విశాలాంధ్ర ప్రచురణాలయం వాటిని అచ్చువేయడం వల్ల. ఆ కాగితాలు చెదలపాలయివుంటే గిరీశం మాటలు మిగిలేవి. ఆ మాటల వెనుక రచయిత పడిన మథన మిగిలేది కాదు.

యిక కలిదిండికి వద్దాం. చరిత్ర గ్రంథాలలోకి యీ వూరి పేరు యెక్కినది రాగిరేకుల మూలంగా. తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజ నరేంద్రుడు పదకొండవ శతాబ్దంలో యిచ్చిన కలిదిండి శాసనం ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో అచ్చయింది. యిక్కడ జరిగిన యుద్ధంలో చనిపోయిన చోళ సేనాపతుల స్మృతికి కట్టించిన శివాలయాలకు యిచ్చిన దానం అందులోని విషయం. దానమంటే ఆస్తి. ఆస్తి గనుక రాగి మీద చెక్కారు, రాగి గనుక వెయ్యేళ్ళు నిలిచింది. ఆ సైన్యానికి తిండి మోసినవారెవరో, ఆ గుడికి రాళ్ళు యెత్తినవారెవరో, పండుగనాడు యీ వూరి జనం యే భాగోతం చూసి నవ్వారో చెక్కించవలసిన అవసరం యే ప్రభువుకూ కనబడలేదు. మరి మనకాలం సంగతి? కేంద్ర ప్రభుత్వం 2005లో తెచ్చిన డౌన్‌లింకింగ్ నిబంధనల ప్రకారం టెలివిజన్ ఛానలు తాను ప్రసారం చేసిన దాని రికార్డును 90 రోజులు భద్రపరచాలి. ఆ గడువు కూడా చరిత్రకారుని కోసం పెట్టినది కాదు, ఫిర్యాదు వస్తే విచారించుకోవడం కోసం పెట్టినది. తొంభై యొకటవ రోజున దానిని వుంచడమా, తుడిచివేయడమా అన్నది యజమాని యిష్టం.

‘అమృతం’ విషయంలో ఆ యిష్టం మనకు కలిసివచ్చింది. ధారావాహిక 2001 నవంబరు 18న మొదలయి, సరిగ్గా ఆరేళ్ళు నడిచి, 2007 నవంబరు 18న ముగిసింది. 313 భాగాలు. గుణ్ణం గంగరాజు దీని సృష్టికర్త, జస్ట్ యెల్లో సంస్థ నిర్మాత. శీర్షిక గీతాన్ని సిరివెన్నెల సీతారామశాస్త్రి వ్రాయగా కల్యాణి మాలిక్ స్వరపరిచాడు. అమృతరావు వేషాన్ని వొకరి తరువాత వొకరుగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు ధరించారు. మిత్రుడు ఆంజనేయులుగా మాత్రం గుండు హనుమంతరావే కనిపిస్తాడు. యింటి యజమాని అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి. యిద్దరు మధ్యతరగతి మిత్రులు, వారు నడిపే ‘అమృత విలాస్’ అనే హోటలు, త్వరగా డబ్బు గడించాలని వారు వేసే యెత్తులు, అవి వారి నెత్తికే చుట్టుకోవడం: కథంతా యింతే. అద్దె యింటి గుమాస్తా సొంత వ్యాపారస్థుడు కావాలని కలగనడం 1991 తరువాతి ఆర్థిక విధానాలు పట్టణ మధ్యతరగతికి అమ్మిన కల అనీ, ఆ కల ప్రతి ఆదివారం బోల్తాపడడం చూసి అదే తరగతి నవ్వుకున్నదనీ నా అభిప్రాయం. కాని అభిప్రాయం ఆధారం కాదు. చాలామంది పరిశోధక విద్యార్థులు యిక్కడే ఆగిపోతారు: నాలుగు భాగాలు చూస్తారు, వర్గ స్వభావం తేలుస్తారు, వ్యాసం ముగిస్తారు. దానిని సమీక్ష అనవచ్చును, చరిత్ర అనడానికి వీలులేదు.

ఆ భాగాలు తరువాతి కాలంలో యూట్యూబులో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. 2014లో ‘అమృతం చందమామలో’ అనే సినిమా, 2020లో ‘అమృతం ద్వితీయం’ అనే కొనసాగింపు కూడా వచ్చాయి. ప్రాథమిక ఆధారం చేతిలోనే వున్నదని విద్యార్థి సంతోషించడం సహజం. సంతోషించవలసిందే, అయితే చేతిలో వున్నది ప్రసారం కాదని, ప్రసారానికి మిగిలిన ప్రతి అని గుర్తుంచుకోవాలి. తాళపత్ర ప్రతిని పరీక్షించినట్టే దీనినీ పరీక్షించాలి. భాగం మీద వేసిన సంఖ్య ప్రసార క్రమమేనా? మొదటి ప్రసారం యే తేదీన? మధ్యలో వచ్చిన వ్యాపార ప్రకటనలు యీ ప్రతిలో వున్నాయా, కోసివేశారా? కోసివేసివుంటే యెక్కడెక్కడ కోశారు? హాస్య ధారావాహికలో ప్రకటనకు ముందు వచ్చే చిక్కుముడి ఆ ప్రకటన కోసమే కట్టినది. సబ్బు ప్రకటన తీసివేసి చూచినవారికి ఆ ముడి అక్కడ యెందుకు పడిందో తెలియదు. అమృతరావు వేషధారి మారినప్పుడల్లా ప్రసారపు తేదీని రూఢి చేసుకుంటే, వయసు మళ్ళినవారి జ్ఞాపకాలను కాలక్రమంలో పెట్టడానికి అదొక మంచి కొలబద్ద అవుతుంది. ‘నరేష్ వున్నప్పుడు చూశాం’ అని చెప్పిన ముసలమ్మ మనకు తేదీ చెప్పినట్టే.

నవ్వు నిలిచిందా పోయిందా అనే విషయంలో ఆస్తి ఆడే ఆట యెటువంటిదో పడమటి దేశాల అనుభవం చెబుతుంది. బి.బి.సి. 1946–47లో ప్రసారం చేసిన ‘పిన్‌రైట్స్ ప్రోగ్రెస్’ను టెలివిజన్ సాంసారిక హాస్యానికి ఆద్యమని చెబుతారు. అది ప్రత్యక్ష ప్రసారం. దాని రికార్డు వొక్కటీ లేదు. తరువాత టేపులు వచ్చినా, టేపు ఖరీదైనది గనుక పాతది చెరిపి కొత్తది పట్టారు. ‘డాడ్స్ ఆర్మీ’ రెండవ వరుసలోని మూడు భాగాలు యీనాటికీ దొరకలేదు. అమెరికాలో 1951 అక్టోబరు 15న మొదలైన ‘ఐ లవ్ లూసీ’ మాత్రం చెక్కుచెదరక వున్నది. దానిని కాపాడింది కళాభిమానం అనుకుంటే పొరపాటు. ప్రత్యక్ష ప్రసారానికి న్యూయార్కు రమ్మని కంపెనీ అడిగితే, లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ దంపతులు హాలీవుడ్ వదలమన్నారు. ముప్పయి అయిదు మిల్లీమీటర్ల ఫిలిం మీద తీస్తామన్నారు. అదనపు ఖర్చుకు బదులు తమ ప్రతిఫలం తగ్గించుకొని ఆ ఫిలిం మీద హక్కు తాము వుంచుకొన్నారు. ఆ హక్కు పత్రం వల్లనే ఆ నవ్వు మిగిలింది.

అంతకంటె మనం గుర్తుపెట్టుకోవలసిన కథ ‘ది గోల్డ్‌బర్గ్స్’ది. న్యూయార్కులోని యూదు కుటుంబం మీద తీసిన యీ హాస్య ధారావాహిక 1949లో టెలివిజన్‌కు వచ్చింది. అందులో తండ్రి వేషధారి ఫిలిప్ లోబ్, నటుల సంఘంలో చురుకుగా పనిచేసినవాడు. 1950 జూన్‌లో ‘రెడ్ ఛానెల్స్’ అనే చిన్న పుస్తకం, కమ్యూనిస్టులతో సంబంధమున్నదంటూ వేసిన జాబితాలో ఆయన పేరు చేర్చింది. ప్రకటనలిచ్చే కంపెనీ వెనుకాడింది. 1952లో ధారావాహిక మళ్ళీ వచ్చేసరికి ఆ వేషంలో వేరొకరు వున్నారు. లోబ్ 1955 సెప్టెంబరు 1న ఆత్మహత్య చేసుకున్నాడు. లూసిల్ బాల్‌ను సైతం, 1936లో కమ్యూనిస్టు పార్టీ వోటరుగా నమోదయినందుకు, 1953లో అమెరికా కాంగ్రెసు విచారణ సంఘం పిలిచి ప్రశ్నించింది. యిప్పుడు ఆలోచించండి: ‘ది గోల్డ్‌బర్గ్స్’ భాగాలు యెన్నిసార్లు తిప్పితిప్పి చూస్తే తండ్రి ముఖం మారిన కారణం తెలుస్తుంది? దాని ఆధారం ధారావాహికలో లేదు. వొక చిల్లర పుస్తకంలో, వొక కంపెనీ వుత్తరంలో, వొక నటుల సంఘం తీర్మానంలో వున్నది.

మన దేశంలోనూ అధికారం భయపడిన కళకు ఫైలు మిగిలింది. సుంకర, వాసిరెడ్డి వ్రాసిన ‘మా భూమి’ నాటకాన్ని ప్రభుత్వం నిషేధించింది గనుక నిషేధపు కాగితాలున్నవి. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం 2018లో రద్దయ్యేదాకా కళాకారులను పీడించినదే. అయినా పోలీసు వ్రాసుకున్న ప్రతి నివేదికా చరిత్రకారునికి సాక్ష్యమైంది. అచ్చయిన పుస్తకానికి యింకొక దారి వున్నది. 1867 చట్టం కింద ముద్రణాలయాలు పుస్తకపు ప్రతిని ప్రభుత్వానికి యివ్వవలసి వచ్చింది. ఆ చట్టం మూలంగా తయారైన పట్టికలు యీనాడు తెలుగు ముద్రణ చరిత్రకు పెద్ద గని. 1954 చట్టం వచ్చాక ప్రతి పుస్తకమూ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరి మూడు గ్రంథాలయాలకూ చేరాలి. మద్రాసు కన్నెమెరా వాటిలో వొకటి. సినిమాకు 1964 నుంచి పూనాలో జాతీయ భాండాగారం వున్నది. టెలివిజన్ ప్రసారానికి యిటువంటి నిర్బంధం యేదీ లేదు. నిషేధించదగినంత ప్రమాదకరం కాని, అచ్చువేయదగినంత గౌరవం లేని నవ్వు యే ఫైలులోనూ యెక్కలేదు.

యిందులో వొక వింత వున్నది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, బెంగాల్ క్రికెట్ సంఘం వ్యాజ్యంలో, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ యేడాదే తెలుగులో జెమినీ, ఈటీవీ ఛానళ్ళు పుట్టాయి. అంతకుముందు వున్నదంతా దూరదర్శన్: 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగం, 1977లో హైదరాబాదు కేంద్రం, ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందో బ్రహ్మ’ వంటి హాస్యం. ప్రభుత్వ ఛానలు గనుక దాని కాగితాల కోసం పౌరుడు సమాచార హక్కు కింద అడగవచ్చును. ప్రయివేటు ఛానలును అలా అడగడానికి వీలులేదు. ప్రజల తరంగాల మీద ప్రయాణించి ప్రజల యింట్లోకి వచ్చిన వస్తువు, ప్రయాణం ముగియగానే యజమాని బీరువాలోకి పోతున్నది. ‘అమృతం’ నిర్మాత దానిని బయట పెట్టాడు. అదే కాలపు యితర ధారావాహికల కోసం వెదికినవారికి ఆ అదృష్టం అన్నిచోట్లా పట్టదు.

పత్రికల సంగతి. దినపత్రికల టెలివిజన్ కార్యక్రమ పట్టికలు చాలా విలువైనవి, చాలా నిర్లక్ష్యానికి గురయినవి. సాహిత్య పేజీని కత్తిరించి దాచుకునే పాఠకుడు కూడా కార్యక్రమాల పట్టికను దాచడు. అయినా ప్రసార సమయం మారిందా, క్రికెట్టు పోటీకో యెన్నికల లెక్కింపుకో యే వారం ఆగిందా అనేవి తెలిపేది అదొక్కటే. యిక్కడ వొక హెచ్చరిక. 2000 డిసెంబరులో మూతపడిన ‘ఆంధ్రజ్యోతి’ 2002 అక్టోబరులో గాని తిరిగి వెలువడలేదు. ‘అమృతం’ మొదటి సంవత్సరం దాదాపు అంతా ఆ విరామంలో పడింది. ఆ పత్రికలో ప్రస్తావన లేదు గనుక ప్రజలు పట్టించుకోలేదని యెవరైనా వ్రాస్తే, లేని పత్రికను సాక్ష్యానికి పిలిచినట్టవుతుంది! తారల సంభాషణలను, వార్షికోత్సవాల నాటి జ్ఞాపకాలను మరింత జాగ్రత్తగా వాడాలి. అవి సరుకుకు వేసిన రంగుకాగితం వంటివి. పదేళ్ళ తరువాత చెప్పిన ‘తొలినాటి కష్టాలు’ యెప్పుడూ విజయానికి తగినట్టు సర్దుకుంటాయి.

పాత మూలాలు వెదికేవారికి మాత్రం యిప్పుడు మంచి రోజులే. ప్రెస్ అకాడమీ అంకరూపంలో పెట్టించిన పాత పత్రికలు, వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వున్నాయి. మొక్కపాటి వారి పార్వతీశం మొగల్తూరు నుంచి బయలుదేరినవాడే గదా; మునిమాణిక్యం వారి కాంతం కథలు సాంసారిక హాస్యానికి అచ్చులో వచ్చిన ధారావాహికలే. అమృతరావు చుట్టరికం యెంతవరకు వీరితో, యెంతవరకు అమెరికా టెలివిజన్‌తో అన్నది తేల్చవలసిన ప్రశ్న. దానికి వేరొక వ్యాసం కావాలి.

డబ్బు సంగతి యెక్కడ దొరుకుతుంది? విద్యార్థులు చూడని చోట దొరుకుతుంది. జెమినీ సన్ సంస్థల కుటుంబంలోనిది. సన్ టీవీ 2006లో వాటాలను బజారులో అమ్మకానికి పెట్టింది. అప్పుడు సెబీకి సమర్పించిన ప్రాస్పెక్టస్‌లో, నిర్మాత కాలాన్ని రుసుము కట్టి తీసుకోవడం, ఆ కాలంలో ప్రకటనలు తాను అమ్ముకోవడం అనే పద్ధతి వివరంగా వున్నది. కాలాన్ని కౌలుకిచ్చే పద్ధతి యిది. చేపల చెరువు కౌలు తెలిసిన మన ప్రాంతపు పిల్లలకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు: గట్టు వొకరిది, పెట్టుబడి వొకరిది, నష్టం మాత్రం కౌలుదారుది. పెట్టుబడిదారు ప్రజలకు చెప్పని నిజం వాటాదారుకు చెబుతాడు, చట్టం చెప్పమంటుంది గనుక. అందుచేత సాంస్కృతిక చరిత్ర వ్రాసేవారు సాహిత్య పత్రికలతో సమానంగా యీ దస్తావేజులను చదవాలి. కంపెనీల రిజిస్ట్రారు వద్ద వుండే వార్షిక నివేదికలు కూడా రుసుము కట్టి చూడవచ్చును.

శ్రమ సంగతి యింతకంటె కష్టం. 313 భాగాలంటే ఆరేళ్ళపాటు వారం వారం దీపాలు మోసినవారు, ముఖాలకు రంగు వేసినవారు, కూర్పు బల్ల ముందు రాత్రిళ్ళు గడిపినవారు వున్నారు. ప్రతి భాగం చివర పరుగెత్తే పేర్ల పట్టీని ఆపి ఆపి వ్రాసుకుంటే ఆ మనుషుల జాబితా కొంతైనా తయారవుతుంది. యెవరు యెప్పుడు చేరారు, యెప్పుడు మానారు తెలుస్తుంది. వారం రోజుల పని, వ్యాసానికి రెండు అధ్యాయాల బలం. ఆలస్యం చేయడానికి వీలులేదు. గుండు హనుమంతరావు 2018లో, సీతారామశాస్త్రి 2021లో మరణించారు. పేరున్నవారి మరణం పత్రికలో పడుతుంది, దీపాలు మోసినవాని మరణం పడదు.

యిప్పటివరకు చెప్పినవన్నీ హైదరాబాదు, మద్రాసు, ఢిల్లీ ఆధారాలు. వీటి కోసం వెళితే కలిదిండి విద్యార్థి నగర విద్యార్థి కంటె యెప్పుడూ వెనుకే వుంటుంది. కాని చూచినవారి చరిత్ర వున్నది. అక్కడ ఆమె ముందున్నది. ఆ ఆరేళ్ళలో దేశంలో ప్రేక్షకులను లెక్కపెట్టినది టామ్ అనే ప్రయివేటు సంస్థ. అది మీటర్లు పెట్టింది పట్టణాలలో. పల్లెలు లెక్కలో లేవు. బార్క్ సంస్థ గ్రామాలను లెక్కలోకి తెచ్చింది 2015 అక్టోబరులో. కనుక ‘అమృతం’ను కలిదిండిలో యెంతమంది చూశారన్న దానికి ప్రకటనకర్త వద్ద సంఖ్య లేదు. కొనుగోలు శక్తి లేదనుకున్న కన్ను కన్నే కాదన్నమాట! రేటింగుల మీద ఆధారపడి ‘తెలుగు ప్రేక్షకుడు’ అని వ్రాసే ప్రతి వాక్యమూ ‘పట్టణ ప్రేక్షకుడు’ అని సవరించి చదువుకోవలసిందే.

అయితే వేరే లెక్కలున్నాయి. 2001 జనాభా లెక్కలలో మొట్టమొదటిసారిగా యింటింటి సామాను అడిగారు: రేడియో, టెలివిజన్, సైకిలు, టెలిఫోను. దేశం మొత్తం మీద పల్లెలలో నూటికి 18.9 యిళ్ళలో, పట్టణాలలో 64.3 యిళ్ళలో టీవీ వున్నట్టు తేలింది. జిల్లాల వారీ పట్టికలూ వున్నాయి. వాటిలో కలిదిండిని కృష్ణా జిల్లా కింద వెదకాలి. మండలం ఏలూరు జిల్లాలో చేరింది 2022 ఏప్రిల్ 4న మాత్రమే. ఆ పట్టిక పెట్టె వున్నదా అని చెబుతుంది, దానికి కేబుల్ తీగ వున్నదా అని చెప్పదు. తీగ సంగతి తపాలా శాఖకు తెలుసు. కేబుల్ నెట్‌వర్కుల నిబంధనల ప్రకారం 1994 నుంచి 2025లో ఆ నిబంధనలు మారేదాకా ఆపరేటరు తన ప్రాంతపు ప్రధాన తపాలా కార్యాలయంలో నమోదు కావలసివుండేది, యేటేటా పునరుద్ధరించుకోవలసివుండేది. యే వూరికి తీగ యెప్పుడు వచ్చిందో తేల్చడానికి యీ వరుసను మించిన ఆధారం లేదు. సమాచార హక్కు చట్టం కింద పోస్టుమాస్టరుకు దరఖాస్తు పెట్టవచ్చును. కాగితాలు నాశనం చేశామని జవాబు వస్తే, నాశనం చేసినప్పుడు వ్రాసిన రిజిస్టరు ప్రతిని అడగాలి. అదీ వొక ఆధారమే.

ఆపరేటరు లెక్కను వున్నదున్నట్టు నమ్మరాదు. ఛానలుకు చెల్లించేది, ప్రభుత్వానికి పన్ను కట్టేది కనెక్షన్ల సంఖ్యను బట్టి గనుక, దేశమంతటా ఆపరేటర్లు తక్కువ చూపారు. 2004లో ప్రసారరంగం ట్రాయ్ చేతికి వచ్చాక ఆ సంస్థ పత్రాలలో యీ ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ప్రభుత్వానికి యిచ్చిన సంఖ్య వొకటి, నెలనెలా యింటింటికీ తిరిగి వసూలు చేసిన చేతిపుస్తకంలో వున్న సంఖ్య వొకటి. మనకు కావలసింది రెండవది. అనలాగ్ కేబుల్ కాలం 2017 మార్చితో ముగిసిపోయింది. ఆ చేతిపుస్తకాలకు యిప్పుడు పని లేదు. అవి అటకల మీద వున్నాయి, లేదా పకోడీ పొట్లాలు అయిపోయాయి.

ఆ పుస్తకాలలో వసూలైన నెలలు, కాని నెలలు చూస్తే ‘అమృతం’ను మించిన చరిత్ర కూడా బయటపడవచ్చును. ఆ ఆరేళ్ళు యీ ప్రాంతానికి మామూలు ఆరేళ్ళు కావు. 1999లో కొల్లేరు అభయారణ్యమయింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో అయిదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పేల్చింది, కోసింది. చెరువుల మీద బతికినవారిలో యజమానులున్నారు, కౌలుదార్లున్నారు, కూలీలున్నారు, లంక గ్రామాల మత్స్యకారులున్నారు. గట్టు తెగిన ఆదివారం రాత్రి హైదరాబాదులో హోటలు నష్టపోయిన యిద్దరు మిత్రులను చూసి వీరు నవ్వారా? నవ్వితే యెవరి యింట్లో కూర్చుని నవ్వారు? అడగకుండా నేను జవాబు చెప్పను. కాని ప్రేక్షకుడంటే సోఫాలో కూర్చున్న పట్టణవాసి అనుకునే పరిశోధనకు యీ ప్రశ్న తట్టనే తట్టదు.

అడగడంలోనూ వొక పద్ధతి వుండాలి. ‘అమృతం మీకు నచ్చిందా?’ అని అడిగితే అందరూ నచ్చిందనే అంటారు. తరువాతి కాలంలో ఫోనులో మళ్ళీ చూసినవారికి 2003లో చూసినదీ, 2020లో చూసినదీ జ్ఞాపకంలో కలిసిపోయివుంటాయి. అందుచేత కథ గురించి అడగవద్దు. పెట్టె గురించి అడగాలి. ఆ టీవీ యెవరిది? నలుపు తెలుపా, రంగులా? యెక్కడ కొన్నారు, వాయిదాల మీదనా? నెలకు తీగ రుసుము యెంత? యెవరు కుర్చీలో కూర్చున్నారు, యెవరు అరుగు మీద, యెవరు గుమ్మం బయట నిలబడి చూశారు? ఆడవాళ్ళు వంట యెన్ని గంటలకు ముగించుకునేవారు? దళితవాడకు తీగ అదే యేడాది వచ్చిందా? యీ ప్రశ్నలకు జవాబులు ఫోనులో మళ్ళీ చూసిన జ్ఞాపకంలో నుంచి రావు. వచ్చిన జవాబు ఆ కాలానిదే అయివుంటుంది. చెప్పినవారి పేర్లు వారి అనుమతి లేకుండా వ్రాయరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

విద్యార్థిని తన వ్యాసానికి మొదట వేసుకున్న పథకంలో హైదరాబాదు గ్రంథాలయాలు ముందున్నాయి, సొంత వూరు చివర వున్నది. క్రమం తిరగవేయమని నా సలహా. 2001లో ముప్పయి యేళ్ళ వయసులో స్తంభమెక్కి తీగ లాగిన ఆపరేటరుకు యిప్పుడు యాభై దాటాయి. యిల్లు మారేటప్పుడో, పెంకులు దించేటప్పుడో అటక మీది పుస్తకాలు పోతాయి. దినపత్రికల సంపుటాలు మరొక వేసవి ఆగినా బీరువాలోనే వుంటాయి.